కొంగుముడిలో గుడ్ల డబ్బులు

తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందని, తన కుంపటి ఉంటేనే ఊళ్లో పొయ్యిలు రాజుకుంటాయని అనుకున్న ముసలమ్మ కథ మనందరికీ తెలిసిందే. ఒకరోజు ఊరి మీద అలిగి కోడినీ కుంపటినీ తీసుకుని అడవికి వెళ్లిపోతుంది. ఊరికి మాత్రం ఎప్పటిలాగే తెల్లవారుతుంది. ఎవరైనా తన గొప్పలు చెప్పుకుంటుంటే "నీ కోడీ కుంపటీ లేకపోతే తెల్లవారదా ఏమిటి?" అని ఇప్పటికీ ఎద్దేవా చేస్తాం.

ఆ కథను ఇంకోవైపు నుంచి చూడండి. అందులో ముసలమ్మకు పొలం ఉన్నట్టు లేదు, తోడుగా మనిషి ఉన్నట్టూ లేదు. ఎవరినీ అడగకుండా "ఇవి నావి" అని చంకన పెట్టుకుని వెళ్లగలిగినవి రెండే: ఒక కోడి, ఒక కుంపటి. తెలుగు పల్లెల్లో చాలామంది ఆడవాళ్ల సొంత ఆస్తి జాబితా తరతరాలుగా ఇంతకంటే పెద్దది కాదు. పొలం మామగారిది, పశువులు ఇంటాయనవి, బంగారం అవసరమొస్తే తాకట్టుకు పోయేది. కోడి ఒక్కటే ఇల్లాలిది.

ఈమధ్య నా ఈడు ఆడవాళ్లు చాలామంది కోళ్ల గురించి మాట్లాడుతున్నారు. పట్నం పక్కన అరెకరం కొనుక్కున్నవాళ్లు, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఊళ్లో పెరడు వైపు మనసు మళ్లినవాళ్లు, "ఓ పది కోళ్లు పెంచితే ఎలా ఉంటుందంటావ్? కాలక్షేపమూ అవుతుంది, నాలుగు డబ్బులూ వస్తాయి" అంటున్నారు. వాళ్లకు షెడ్డు కొలతలు, దాణా లెక్కలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఇంకో సంగతి చెబుదామనుకుంటున్నాను. కోడి మన పెరట్లోకి ఎలా వచ్చింది, దాని డబ్బు ఎవరి చేతిలో ఉండేది, ఆ చేతిలోంచి ఎప్పుడు జారింది అన్న చరిత్ర. అది తెలిస్తే పది కోళ్లతో మొదలుపెట్టేటప్పుడు ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

ముందు కోడి పుట్టుక. ఊరకోడికి మూలం ఎర్ర అడవికోడి అని 19వ శతాబ్దంలోనే డార్విన్ అన్నాడు. ఆ మాట నిజమేనని ఇప్పుడు జన్యుపరీక్షలు చెబుతున్నాయి. 2020లో శాస్త్రవేత్తలు 800కు పైగా కోళ్ల జన్యుక్రమాలను పోల్చి చూసి, మన పెంపుడుకోడికి దగ్గరి చుట్టం నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతాల్లో తిరిగే ఎర్ర అడవికోడి ఉపజాతి అని తేల్చారు. మన దక్షిణాది అడవుల్లో బూడిదరంగు అడవికోడి ఉంటుంది. దాని పాలూ ఇందులో కొంత ఉంది. చాలా జాతుల కోళ్లకు కాళ్లు, చర్మం పసుపుపచ్చగా ఉండటం ఈ బూడిదరంగు కోడి నుంచి వచ్చిన గుణమేనని 2008లో తెలిసింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది 2022లో వచ్చిన పరిశోధన. ఇప్పటివరకు దొరికిన ఎముకల్లో కచ్చితంగా పెంపుడుకోడివి అని చెప్పదగ్గవాటిలో అతి పాతవి మధ్య థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 3,300 నుంచి 3,600 ఏళ్లు. ఆ ప్రాంతంలో వరి, కొర్రల వంటి ధాన్యాల సాగు మొదలయ్యాకే కోళ్లు కనిపిస్తున్నాయట. ధాన్యం ఉన్నచోటుకు అడవికోడి దిగి వచ్చింది. గింజలు ఏరుకుంది, మెల్లగా మనుషులకు అలవాటుపడింది.

ఇది చదివినప్పుడు నాకు చేట గుర్తొచ్చింది. మన ఇళ్లలో వడ్లు దంచేది, చెరిగేది, నూకలు వేరుచేసేది ఆడవాళ్లే కదా. చేట చప్పుడు వినిపిస్తే చాలు, పెరట్లో ఎక్కడెక్కడి కోళ్లూ పరుగెత్తుకొచ్చేవి. అడవికోడి మొదట ఎవరి దగ్గరికి వచ్చిందో ఏ ఎముకా చెప్పదు గానీ, చెరిగే చేతి దగ్గరికే వచ్చి ఉంటుందని నా ఊహ.

అలా వచ్చిన పక్షిలో పుంజుకు దక్కిన గౌరవం పెట్టకు దక్కలేదు. పుంజుకు ఏకంగా ఒక శాస్త్రమే ఉంది. కుక్కుట శాస్త్రం అంటారు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, పింగళి, మైల అంటూ ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏ రోజున ఏ నక్షత్రంలో ఏ రంగు పుంజు దేని మీద గెలుస్తుందో అందులో చెబుతారు. సంక్రాంతి వస్తే గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఇప్పటికీ ఆ పుస్తకాలు తిరగేస్తారు. పందెం పుంజులకు బాదంపప్పు, మటన్ కైమా పెట్టి మేపుతారు. జంతువులపై క్రూరత్వాన్ని అడ్డుకునే 1960 నాటి చట్టం ఉన్నా, కోర్టులు వద్దంటున్నా పందేలు ఆగడం లేదు.

సాహిత్యంలోనూ పుంజుదే పెద్దపీట. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధానికి ముందు జరిగిన కోడిపందెం గురించి వినని తెలుగువారు ఉండరు. శ్రీనాథుడు రాశాడని చెప్పే పల్నాటి వీరచరిత్రలో ఆ పందెం ఒక రాజ్యభాగాన్నే మార్చేస్తుంది. ఓడినవాళ్లు ఏడేళ్లు వలసపోవాలని షరతు. బ్రహ్మనాయుడి వైపు ఓడిపోయింది. గెలిచిన పుంజు నాయకురాలు నాగమ్మది. కోళ్ల గురించిన మన అతి పెద్ద కథలో ఒక పక్క నిలబడినది ఆడమనిషి అన్నది గమనించదగ్గ సంగతి. అయితే ఆవిడ చేతిలో ఉన్నదీ పుంజే.

పెట్టకు శాస్త్రం లేదు, కావ్యం లేదు. ఉన్నదల్లా అమ్మమ్మల నోటి మాట. అది తక్కువ విద్య అనుకునేరు! పెట్ట పొదుగుకొచ్చిందని దాని కూత మారగానే పట్టేయాలి. గుడ్లను నీళ్లలో వేసి తేలినవి తీసేయాలి. పొదగేసిన వారం పదిరోజులకు దీపం వెలుగులో పట్టి చూసి, లోపల ఎర్రటి నరాలు కనిపించనివి పక్కనపెట్టాలి. వేసవిలో గుడ్లు తక్కువ పెట్టాలి, చలికాలంలో పెట్ట రెక్కల కింద పట్టినన్ని పెట్టాలి. మా అమ్మమ్మ ఎప్పుడూ బేసి సంఖ్యలోనే, పదకొండో పదమూడో పెట్టేది. బుట్టలో గడ్డి కింద ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ, ఒక ఇనుపముక్క ఉంచేది, ఉరుములకు గుడ్లు చెడకుండా. బొగ్గుకూ మిరపకాయకూ ఏ శక్తి ఉందో గానీ, ఇరవై ఒకటో రోజున పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చేవి. బాతు గుడ్లు కూడా కోడి కిందే పొదగేసేది. వాటికి ఇరవై ఎనిమిది రోజులు. ఆ బాతుపిల్లలు పంటకాలువలోకి దిగి ఈదుతుంటే గట్టు మీద తల్లికోడి పడే గాభరా చూడటానికి పిల్లలమంతా పోగయ్యేవాళ్లం.

కోళ్ల సరదా అంటే ఇదే. మధ్యాహ్నం మట్టిలో గొయ్యి చేసుకుని దుమ్ముస్నానం చేసే పెట్టను, గద్ద నీడ పడగానే ఒక్క కూతతో పిల్లలన్నిటినీ రెక్కల కిందకు లాగే తల్లిని చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. ఇంటిపనంతా అయ్యాక పెరటి అరుగు మీద ఆడవాళ్లకు దొరికిన వినోదం అది. పైసా ఖర్చు లేదు. పైగా పేడకుప్ప కెలికి పురుగులు తినేది, దాని ఎరువుతో సొరపాదూ బెండమొక్కా ఏపుగా పెరిగేవి.

ఇక డబ్బు సంగతి. మన నాటుకోడి ఒక విడతకు పన్నెండు నుంచి పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాదికి మూడు నాలుగు విడతలు. అంటే యాభై అరవై గుడ్లు, అంతే. అందులో సగం పొదగేయడానికి పోతాయి, కొన్ని పిల్లల నోట్లోకి, చుట్టం వస్తే నాలుగు కూరలోకి. మిగిలినవి అంగడికి. అయినా ఆ కొద్దిపాటి డబ్బుకు ఒక ప్రత్యేకత ఉండేది. దాని లెక్క ఎవరూ అడిగేవారు కాదు. మా అమ్మమ్మ గుడ్ల డబ్బు కొంత కొంగుముడిలో, కొంత పోపులపెట్టెలో మెంతుల అడుగున ఉండేది. మా పెద్దమ్మ చెవిదిద్దులు, మా అమ్మ హైస్కూలు పుస్తకాలు ఆ మెంతుల అడుగునుంచే వచ్చాయి. తాతయ్యకు తెలియక కాదు. తెలిసీ అడగకపోవడం ఆ ఇంటి మర్యాద.

అన్ని ఇళ్లలోనూ కోళ్లు ఉండేవని అనను. గుమ్మంలోకి కోడిని రానివ్వని ఇళ్లూ ఉన్నాయి. కానీ సెంటు భూమి లేని కూలి కుటుంబాల్లో, దళితవాడల్లో, గూడేల్లో కోడే బ్యాంకు. జ్వరం వస్తే ఒక పెట్ట అమ్మేవారు, బడి ఫీజుకు ఇంకో పెట్ట. కోడి కొనే స్తోమత కూడా లేనివాళ్లకు పాలుకు ఇచ్చే పద్ధతి ఉండేది. ఒకరి పెట్టను ఇంకొకరు తెచ్చుకుని పెంచి, పొదిగిన పిల్లల్లో సగం ఇచ్చి సగం ఉంచుకునేవారు. కాగితం లేదు, హామీ సంతకం లేదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఆడవాళ్లే.

చట్టాల వైపు చూస్తే ఈ కోడి విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకున్నది 1986లో. దేశమంతటికీ ఆ సవరణ వచ్చింది 2005లో. అంతకుముందు ఎన్ని తరాలు గడిచాయో ఆలోచించండి. ఆ తరాలన్నిటిలోనూ తల్లి కూతురికి తన ఇష్టప్రకారం ఇవ్వగలిగిన కొద్దివాటిలో పిల్లలతో ఉన్న కోడిపెట్ట ఒకటి.

ఈ ఆస్తికి ఉన్న పెద్ద శత్రువు పిల్లీ గద్దా కాదు, కొక్కెర తెగులు. సాయంత్రానికి బాగానే ఉన్న కోళ్లు మెడలు వాల్చి, పచ్చగా పారి, రెండు మూడు రోజుల్లో గూడు ఖాళీ అయ్యేది. ఒక్క పెరడు కాదు, వీధి వీధంతా. పుస్తకాల్లో దీని పేరు రాణిఖేత్ వ్యాధి. 1920ల చివర్లో మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్ దగ్గర గుర్తించారు కాబట్టి ఆ పేరు. అదే కాలంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ బయటపడటంతో ప్రపంచం దాన్ని న్యూకాజిల్ జబ్బు అంటుంది. ఆ తర్వాత ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో టీకా తయారైంది. అయినా టీకా పల్లెలో ఇల్లాలి గంప దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. చాలాచోట్ల ఇప్పటికీ పూర్తిగా రాలేదు. ఎద్దుకు జబ్బు చేస్తే పశువైద్యుడి కోసం బండి కట్టేవారు. కోడికి జబ్బు చేస్తే "పోనీలే, కోడేగా" అనేవారు. పోయింది ఎవరి డబ్బో ఆలోచిస్తే ఆ మాట ఎందుకంత తేలిగ్గా వచ్చేదో అర్థమవుతుంది.

ఇప్పుడు కాస్త దూరం, అమెరికా దాకా వెళ్లి రావాలి. ఎందుకంటే ఈ రోజు మనం కొనే బ్రాయిలర్ కోడి కథ అక్కడ, మనలాంటి ఒక ఇల్లాలి దగ్గరే మొదలైంది.

అక్కడి రైతు కుటుంబాల్లోనూ పద్ధతి మనలాంటిదే. గోధుమ, పశువులు మగవాళ్ల లెక్క, గుడ్లూ వెన్నా ఆడవాళ్ల లెక్క. గుడ్ల డబ్బు అనే మాట వాళ్లకూ ఉంది. డెలావేర్ రాష్ట్రంలో ఓషన్ వ్యూ అనే చిన్న ఊళ్లో సెసీల్ స్టీల్ అనే ఆవిడ ఉండేది. భర్త తీరరక్షక దళంలో ఉద్యోగి. ఇంటి ఖర్చులకని కొన్ని గుడ్ల కోళ్లు పెంచేది. 1923లో 50 పిల్లలకు ఆర్డరిస్తే హేచరీవాళ్లు పొరపాటున 500 పంపారు. ఆవిడ తిప్పి పంపలేదు. మొదట వాటిని ఖాళీ పియానో పెట్టెలో ఉంచి, పదహారడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పున ఒక చిన్న షెడ్డు వేయించింది. 387 బతికాయి. రెండేసి పౌండ్లు తూగగానే మాంసానికి పౌను 62 సెంట్ల చొప్పున అమ్మేసింది. ఆ రోజుల్లో అది మంచి ధర. మరుసటి ఏడాది 1,000 పిల్లలను తెప్పించింది. 1926 నాటికి 10,000 కోళ్లకు సరిపోయే షెడ్డు కట్టారు. భర్త ఉద్యోగం మానేసి కోళ్ల పనిలోకి వచ్చాడు.

అంతకుముందు కోడిమాంసం అంటే గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్ట, లేదా అక్కర్లేని పుంజు. మాంసం కోసమే కోళ్లను వందలకొద్దీ పెంచడం అనే వ్యాపారం ఊపందుకున్నది సెసీల్ స్టీల్ నుంచే అంటారు. ఆవిడ వేయించిన మొదటి షెడ్డును డెలావేర్ వ్యవసాయ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంచారు. కానీ ఆవిడను చూసి చుట్టుపక్కల వందల కుటుంబాలు ఇదే పనిలోకి దిగాక, దాణా కంపెనీలు, మాంసం కంపెనీలు వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కాంట్రాక్టు పద్ధతి పాకింది. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. రైతుది షెడ్డూ చాకిరీ. గుడ్ల డబ్బు అని ఇల్లాలు విడిగా దాచుకునే మాట మెల్లగా వాడుకలోంచి పోయింది. ఆడమనిషి మొదలుపెట్టిన పని, పెద్దదైన కొద్దీ ఆమె చేతిలోంచి జరిగిపోయింది.

మన దగ్గరా ఇదే వరుస, యాభై ఏళ్ల తేడాతో. తెలుగువారైన డాక్టర్ బి.వి.రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ ప్రారంభించారు. ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టే సంకరజాతి లేయర్లు వచ్చాయి. గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి చుట్టుపక్కల వరిపొలాల మధ్య పొడవాటి షెడ్లు లేచాయి. 1980ల మొదట్లో ఖర్చు కూడా రాని ధరకు గుడ్లు అమ్ముకోవాల్సి వచ్చి రైతులు నష్టపోయారు. గుడ్డు ధర రైతులే చెప్పుకోవాలని రావుగారు ఊరూరా తిరిగి వాళ్లను కూడగట్టారు. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పుట్టింది. మనం పేపర్లో రోజూ చూసే నెక్ రేటు అదే. ఈ రోజు దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. మన గుడ్లు లారీల్లో ఒడిశా, బెంగాల్, బీహార్ దాకా వెళ్తున్నాయి.

ఇందులో మంచి ఉంది, అది ఒప్పుకోవాలి. నా చిన్నప్పుడు గుడ్డు అంటే పురుటాలికో, జ్వరం నుంచి లేచినవాళ్లకో పెట్టేది. ఇప్పుడు అంగన్‌వాడీలో మూడేళ్ల పిల్లకూ, బడిలో మధ్యాహ్న భోజనంలోనూ గుడ్డు దొరుకుతోందంటే అది ఆ షెడ్ల పుణ్యమే. పెరటికోళ్లతో అంతమంది పిల్లలకు పెట్టగలిగేవాళ్లం కాదు.

అయితే ఆ షెడ్డు ఎవరి పేరు మీద ఉంది? లోను సంతకం ఎవరిది? రేటు మాట్లాడేది ఎవరు? భూమి పత్రం ఉన్నవాళ్లకే బ్యాంకు అప్పు ఇస్తుంది, భూమి మగవాళ్ల పేర ఉంది, కాబట్టి షెడ్డూ వాళ్లదే అయింది. అదే షెడ్డులో గుడ్లు ఏరి అట్టల్లో సర్దే పని మాత్రం ఎక్కువగా ఆడవాళ్లది, రోజుకూలికి. అమ్మమ్మ తరంలో యజమానిగా ఉన్న మనిషి మనవరాలి తరంలో కూలి అయింది. కోడి ఎక్కడికీ పోలేదు. డబ్బు వెళ్లే దారి మారింది.

ఇలా జారిపోయినదాన్ని తిరిగి పట్టుకునే ప్రయత్నాలూ జరిగాయి. 1982లోనే డ్వాక్రా పథకం మొదలైంది. పదీ పదిహేనుమంది ఆడవాళ్లు ఒక సంఘంగా ఏర్పడి అప్పు తీసుకుని చిన్న ఉపాధి పెట్టుకోవాలన్నది ఉద్దేశం. 1990ల్లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాక ఆడవాళ్ల సంఘాలు ఊరూరా నిలదొక్కుకున్నాయి. పొదుగు, పొదుపు. ఒక్క అక్షరమే తేడా! గంప కింద జరిగే పని బ్యాంకు పుస్తకంలోకి వచ్చింది.

ఇంకోవైపు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే రెండు రకాలను తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది, ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు. గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకు, 160 నుంచి 180. రంగుల ఈకలు, గోధుమరంగు గుడ్లు, పెరట్లో తిరిగి మేస్తాయి. నాటుకోడితో పోలిస్తే రెండు మూడు రెట్ల గుడ్లు. కానీ ఒక తిరకాసు ఉంది. ఇవి సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి పొదిగించినా, పిల్లలకు తల్లి గుణాలు పూర్తిగా రావు. కాబట్టి ప్రతి విడతకూ పిల్లలను కొనుక్కోవాల్సిందే. ఎవరి మీదా ఆధారపడకుండా తన మందను తానే పెంచుకునే గుణం ఆ పాత నాటుపెట్టకే ఉంది.

ఆ గుణం విలువ తెలిసినవాళ్లు తూర్పు గోదావరి ఏజెన్సీ ఆదివాసీ మహిళలు. మహిళా పశువైద్యులు స్థాపించిన ఆంత్ర అనే సంస్థ వాళ్లతో కలిసి పనిచేసి, అక్కడి అసీల్ జాతి కోళ్లను కాపాడేందుకు పాత వాటా పద్ధతినే మళ్లీ నిలబెట్టింది. ఒకరికి పెట్టను ఇస్తారు, ఆమె పొదిగించిన పిల్లల్లో కొన్నిటిని ఇంకొకరికి ఇస్తుంది, ఆమె మరొకరికి. తోడుగా టీకాలు, రాత్రిపూట భద్రమైన గూళ్లు. మనం పాలుకు ఇవ్వడం అన్నదే అక్కడ వాటా. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఆడవాళ్లకు తెలిసినదాన్నే తెలిసినట్టుగా గౌరవించారు.

2019 పశుగణన చూస్తే ఒక ఆసక్తికరమైన సంగతి కనిపిస్తుంది. దేశంలో మొత్తం కోళ్లు, బాతులు వగైరా 85 కోట్లకు పైగా ఉంటే, అందులో పెరట్లో పెరుగుతున్నవి 31 కోట్ల 70 లక్షలు. 2012తో పోలిస్తే పెరటి పక్షులు సుమారు 46 శాతం పెరిగాయి. షెడ్లలోవి పెరిగింది నాలుగున్నర శాతమే. పెరడు చచ్చిపోలేదన్నమాట. నాటుగుడ్డుకూ నాటుకోడికీ పట్నంలో ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లు ఉండటం అందుకు ఒక కారణం.

ఇప్పుడు మొదట అడిగిన పది కోళ్ల దగ్గరికి వద్దాం. పది గ్రామప్రియ పెట్టలు బాగా చూసుకుంటే ఏడాదికి 1,600 గుడ్లు అనుకుందాం. ఇంటికి రోజూ రెండు ఉంచుకుంటే 730 పోయి 870 మిగులుతాయి. గుడ్డు పది రూపాయలకు అమ్మితే 8,700. దాణా, మందులు, పిల్లల ఖరీదు తీసేస్తే చేతిలో మిగిలేది గొప్ప మొత్తం కాదు. నూకలు, తవుడు, వంటింటి కూరగాయ తొక్కలు, పొలంలో పురుగులు ఉంటేనే లాభం. దాణా అంతా సంచుల్లో కొంటే వినోదమే మిగులుతుంది. నాటుపెట్టలైతే గుడ్లు తక్కువ, కానీ పిల్లలను అమ్ముకోవచ్చు, పెరిగిన పుంజుకు మంచి ధర వస్తుంది. రెండు నాటుపెట్టలను పొదగడానికి ఉంచుకోవడం ఎప్పుడూ మంచిది.

టీకా మాత్రం మరవొద్దు. పిల్లలకు మొదటి వారంలో కంట్లో వేసే లసోట చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది. ఈ రెండూ లేకపోతే కొక్కెర తెగులు మన అమ్మమ్మల గూళ్లను ఖాళీ చేసినట్టే మన గూడునూ చేస్తుంది. టీకా సీసాలో వందల మోతాదులు ఉంటాయి కాబట్టి వీధిలో కోళ్లున్న ఆడవాళ్లందరూ ఒకేరోజు వేయించుకుంటే ఖర్చు తలా నాలుగు రూపాయలు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. జబ్బు బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు మేర పెరటికోళ్లను కూడా తీసేస్తారు. కోళ్లు ఒక్కసారిగా చనిపోతే దాచకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పాలి. చచ్చినదాన్ని పిల్లల చేత ముట్టించొద్దు, వండొద్దు.

వీటన్నిటికంటే ముందు ఒక వంద పేజీల నోటుబుక్కు కొనండి. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని ఇంట్లో వాడాం, ఎన్ని అమ్మాం, దాణాకు ఎంత అయింది, రోజూ ఒక్క వరుస రాయండి. డబ్బు మీ పేరున ఉన్న ఖాతాలోకే వెయ్యండి. కోళ్లు పదినుంచి వందైతే షెడ్డు కాగితం మీద మీ సంతకం ఉండేలా చూసుకోండి. ఇంట్లో మనసులు వేరనీ, ఎవరి మీదో అనుమానమనీ కాదు. పని పెద్దదైనప్పుడల్లా అది ఎవరి చేతిలోకి జారిందో డెలావేర్ నుంచి అనపర్తి దాకా చూశాం కదా. మన అమ్మమ్మల లెక్కలు పోపులపెట్టె అడుగునే ఉండిపోయాయి కాబట్టి వాళ్లు ఇంటికి ఎంత సంపాదించి పెట్టారో ఏ పుస్తకంలోనూ లేదు. మన లెక్క కనీసం ఒక నోటుబుక్కులోనైనా ఉండాలి.